కారుకి ఎల్‌ఈడీ హెడ్‌లైట్: ఎంపిక, బిగింపు, ఎయిమింగ్, రిపేర్లు వరుసగా

"ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. గోడ మీద పట్టపగల్లా ఉంది, హైవే ఎక్కితే మాత్రం దూరం కనబడట్లేదు." చాలామంది ఈ మాటే రకరకాలుగా అడుగుతున్నారు. ఇంకొందరి బాధ వేరు: ఎదురొచ్చే ప్రతి బండీ డిప్పర్ కొడుతోంది. రెండింటికీ మూలం ఒకటే. బల్బులో ఎంత వెలుతురు పుడుతోందో చూసి కొంటున్నాం, అది రోడ్డు మీద ఎక్కడ పడుతోందో చూడట్లేదు.

అందుకే ఈ గైడ్‌లో బల్బు బిగించడం మధ్యలో ఎక్కడో వస్తుంది. దానికి ముందు చూసుకోవాల్సినవి, తర్వాత సరిచూసుకోవాల్సినవే ఎక్కువ. వరుస తప్పకుండా చేయండి.

## 1. మీ కారులో ఏ రకం హెడ్‌లైట్ ఉందో చూడండి

బానెట్ తెరిచి హెడ్‌లైట్ వెనక భాగం చూడండి. గుండ్రటి ప్లాస్టిక్ మూత గానీ రబ్బర్ బూట్ గానీ ఉండి, దాని వెనక బల్బు హోల్డర్ ఉంటే అది చాలావరకు హాలోజెనే (సన్నటి తీగ వేడెక్కి వెలిగే పాత రకం బల్బు). మూతలేవీ లేకుండా, చాలా పిన్నులున్న పెద్ద కనెక్టర్, లోహపు రెక్కల హీట్ సింక్ (వేడిని బయటికి పంపే భాగం) కనిపిస్తే ఫ్యాక్టరీలోనే ఎల్‌ఈడీ అమర్చిన యూనిట్. అలాంటి కారైతే మీకు కావలసినవి 8, 10 విభాగాలు. వాటికి నేరుగా వెళ్లిపోండి.

హాలోజెన్ అయితే ముందు నుంచి కూడా చూడాలి. లోపల అద్దంలా మెరిసే పెద్ద గిన్నె ఉంటే అది రిఫ్లెక్టర్. గుండ్రంగా ఉబ్బిన గాజు లెన్స్ ఉంటే ప్రొజెక్టర్. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి, ముందుముందు ప్రతి దశలో పనికొస్తుంది.

రిఫ్లెక్టర్‌లో తప్పుడు బల్బు వేస్తే వెలుతురు పైకి చిమ్మి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. ప్రొజెక్టర్‌లో లోపలున్న రేకు అడ్డం వల్ల పైఅంచు గీత గీసినట్టే ఉంటుంది, కానీ దూరం తగ్గి, కారు ముందు పది పదిహేను మీటర్లలోనే వెలుతురంతా పోగవుతుంది. మొదటిది ఎదుటివాళ్లకి ప్రమాదం, రెండోది మీకు.

బల్బు సైజు మాన్యువల్‌లోనూ పాత బల్బు మొదట్లోనూ ఉంటుంది. హెచ్4 అయితే ఒకే బల్బులో డిమ్, బ్రైట్ రెండూ. హెచ్7, హెచ్11 అయితే ఒక్కో పనికి ఒక్కో బల్బు.

## 2. అసలు మార్చాల్సిన అవసరం ఉందా?

వెలుతురు చాలట్లేదనగానే బల్బు మీద పడతాం. చాలా కార్లలో తప్పు బల్బుది కాదు. కొనే ముందు ఇవి చూడండి:

- లెన్స్ పచ్చబడిందా, మసకబారిందా?
- ముందు అద్దం లోపలివైపు జిడ్డు పొర ఉందా? ఎదురు లైట్లు చెదిరినట్టు కనిపించడానికి ఇదే పెద్ద కారణం.
- హెడ్‌లైట్ ఎత్తు సరిచేసే నాబ్ పొరపాటున కిందికి తిరిగి ఉందా?
- హోల్డర్ దగ్గర సరైన వోల్టేజ్ వస్తోందా?

నాలుగోది ఎవరూ చూడరు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా, లైట్ వేసి, బల్బు వెలుగుతున్నప్పుడే హోల్డర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. బ్యాటరీ దగ్గర రీడింగ్ కంటే అర వోల్టుకి మించి తక్కువుంటే తుప్పు పట్టిన ఎర్త్ గానీ కాలిన కనెక్టర్ గానీ ఉన్నట్టే. హాలోజెన్‌కి వోల్టేజ్ 10 శాతం పడితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎర్త్ పాయింట్ శుభ్రం చేస్తే బల్బు మార్చే పనే ఉండకపోవచ్చు.

లెన్స్ పచ్చబడితే 800 నంబర్ నీటి గరుకు కాగితంతో మొదలుపెట్టి, 1500, ఆపైన 3000 దాకా, తడి ఆరనివ్వకుండా రుద్ది పాలిష్ పెట్టాలి. చివర్లో యూవీ కోటింగ్ తప్పనిసరి. పాలికార్బొనేట్‌ని (లెన్స్ ప్లాస్టిక్) ఎండ నుంచి కాపాడే పొరను మనమే గీకేశాం కాబట్టి, కోటింగ్ లేకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పచ్చబడుతుంది. టూత్‌పేస్ట్ చిట్కా నాలుగు రోజుల మెరుపే.

## 3. రూల్ కనుక్కోండి

హాలోజెన్ బల్బుకి ఆమోదం పొందిన హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు వేస్తే చాలా దేశాల్లో రోడ్డు మీద చెల్లదు. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకి అనుమతి ఉంది. అది కూడా ఫలానా బల్బు, ఫలానా కారు మోడల్‌లో, ఫలానా హెడ్‌లైట్‌కి మాత్రమే అని జాబితా కట్టి ఇచ్చింది. ఒక హెడ్‌లైట్‌లో చక్కగా పనిచేసిన బల్బు పక్క మోడల్‌లో చెడగొట్టవచ్చు కాబట్టే ఈ పద్ధతి.

మీరు ఉన్నచోట రవాణా శాఖ నిబంధన ఏమిటో, ఇన్సూరెన్స్ షరతు ఏమిటో ముందు కనుక్కోండి. చెల్లదని తేలితే రెండు దారులున్నాయి: మంచి రకం హాలోజెన్ బల్బు, లేదా మీ మోడల్‌కి ఆమోదం ఉన్న పూర్తి ఎల్‌ఈడీ హెడ్‌లైట్ యూనిట్. నన్నడిగితే అనుమతి ఉన్నచోట కూడా ఖర్చు భరించగలిగితే పూర్తి యూనిటే మేలు. దాని రిఫ్లెక్టర్, లెన్స్ ఎల్‌ఈడీ కోసమే డిజైన్ చేసి ఉంటాయి.

## 4. బల్బు ఎంచుకునేటప్పుడు

### 4.1 చిప్ ఎక్కడుంది, ఎంత మందం?

పాత హెచ్7 బల్బుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. లోపల స్ప్రింగులా చుట్టిన సన్నటి ఫిలమెంట్ కనిపిస్తుంది. పొడవు నాలుగైదు మిల్లీమీటర్లు, మందం మిల్లీమీటరున్నర లోపే. హెడ్‌లైట్‌లోని రిఫ్లెక్టర్ వంపు అంతా ఆ చిన్న తీగ ఉన్న చోటుని లెక్కలోకి తీసుకుని గీసిందే. వెలుతురు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు జరిగినా రోడ్డు మీద బీమ్ ఆకారం మారిపోతుంది.

ఎల్‌ఈడీలో ఫిలమెంట్ బదులు వెలిగే చిన్న ముక్కలే చిప్‌లు. కాబట్టి కొత్త ఎల్‌ఈడీ బల్బుని పాతదాని పక్కన పెట్టి పోల్చండి. బల్బు మొదట్లో హోల్డర్‌కి ఆనే అంచు నుంచి ఫిలమెంట్ మొదలు ఎంత దూరమో, చిప్‌ల మొదలు కూడా అంతే దూరంలో ఉండాలి. చిప్‌ల వరుస పొడవు ఫిలమెంట్ పొడవుకి దగ్గరగా ఉండాలి. రెండు వైపులా చిప్‌లు అతికించిన మధ్య రేకు ఎంత పలచగా ఉంటే అంత మంచిది. లావుపాటి రేకుకి అటూ ఇటూ చిప్‌లుంటే ఒక ఫిలమెంట్ బదులు దూరదూరంగా రెండు దీపాలు పెట్టినట్టే, మధ్యలో చీకటి గీత పడుతుంది.

నాలుగు వైపులా చిప్‌లున్న బల్బుల్ని "360 డిగ్రీలు" అని అమ్ముతుంటారు. చిప్‌లు పెరిగేకొద్దీ దీపం లావెక్కుతుంది, బీమ్ చెదురుతుంది. వాటి జోలికి వెళ్లకండి.

హెచ్4 అయితే డిమ్ చిప్‌ల కింద చిన్న లోహపు గిన్నె ఉండాలి. హాలోజెన్ హెచ్4లో డిమ్ ఫిలమెంట్ కిందుండే గిన్నె చేసే పనే ఇదీ చేస్తుంది. అది లేని హెచ్4 ఎల్‌ఈడీ వేస్తే డిమ్‌లోనూ ఎదుటివాళ్లకి హై బీమ్ కొట్టినట్టే ఉంటుంది.

### 4.2 ల్యూమెన్ల అంకె నమ్మాలా?

ల్యూమెన్లంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుతురు కొలత. హెచ్7 హాలోజెన్ 55 వాట్లకి సుమారు 1500 ల్యూమెన్లు ఇస్తుంది. కారు ఎల్‌ఈడీలు వేడెక్కాక వాట్‌కి 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తే మంచి పనితనమే. 20 వాట్ల బల్బు అంటే 2000 నుంచి 3000 మధ్య. పెట్టె మీద 20,000 ల్యూమెన్లు అని రాసి ఉంటే వాట్‌లతో భాగించండి. అబద్ధం అక్కడే బయటపడుతుంది.

### 4.3 రంగు

హాలోజెన్ వెలుతురు 3200 కెల్విన్ల (వెలుతురు రంగు కొలత) దగ్గర, కాస్త పసుపు. ఫ్యాక్టరీ ఎల్‌ఈడీలు చాలావరకు 5000 నుంచి 6000 మధ్య ఉంటాయి. మీరు 5000–5500 దగ్గర ఆగండి. 6500 దాటితే నీలం పాళ్లు పెరుగుతాయి. నీలం వెలుతురు ఎదుటివాళ్ల కళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, వయసు మీదపడిన కళ్లని మరీ. మీకు దూరం పెరిగేదీ ఉండదు.

### 4.4 వేడి ఎటు పోతుంది?

"ఎల్‌ఈడీకి వేడి ఉండదు" అనేది సగం నిజం. వెలుతురుతో పాటు ముందుకి వచ్చే వేడి తక్కువ. చిప్ వెనక్కి వదిలే వేడి మాత్రం చాలా ఉంటుంది, అది బయటికి పోకపోతే చిప్ తనంతట తనే మసకబారుతుంది, తర్వాత పాడవుతుంది. అందుకే వెనక ఫ్యాన్ గానీ బరువైన అల్యూమినియం హీట్ సింక్ గానీ ఉంటుంది. ఫ్యాన్ ఉన్నది బాగా చల్లబరుస్తుంది, కానీ దుమ్ము చేరి ఆగిపోయే అవకాశం ఉంది. ఫ్యాన్ లేనిది బరువు, స్థలం ఎక్కువ తీసుకుంటుంది.

కొనే ముందు ఇవి చూసుకోండి:

- చిప్ స్థానం, పొడవు పాత ఫిలమెంట్‌తో సరిపోతున్నాయి
- చిప్‌లు రెండు వైపులే ఉన్నాయి, మధ్య రేకు పలచగా ఉంది
- హెచ్4 అయితే డిమ్ చిప్ కింద గిన్నె ఉంది
- బల్బుని తిప్పి కోణం సరిచేసుకునే కాలర్ (బల్బు చుట్టూ ఉండే రింగు) ఉంది
- వెనక భాగం మీ హెడ్‌లైట్ మూత లోపల పడుతుంది (లోపలి లోతు కొలవండి)
- మీ కారుకి బల్బు పనిచేస్తోందో లేదో కనిపెట్టే సిస్టమ్ ఉంటే, క్యాన్ బస్‌కి (కారులోని కంప్యూటర్ల మధ్య సమాచార లైను) సరిపడే డ్రైవర్ (ఎల్‌ఈడీకి కరెంటుని సర్ది ఇచ్చే సర్క్యూట్) ఉంది

## 5. పని మొదలుపెట్టే ముందు

కావలసినవి: స్టార్ స్క్రూడ్రైవర్, శుభ్రమైన గ్లౌజులు, మాస్కింగ్ టేపు, కొలత టేపు, జిప్ టైలు, చిన్న టార్చి. కొన్ని కార్లలో బల్బు అందాలంటే ఎయిర్ ఫిల్టర్ డబ్బా గానీ బ్యాటరీ గానీ తీయాలి, మరికొన్నింటిలో బంపరే వదులు చేయాలి. మాన్యువల్‌లో ముందే చూసుకుంటే మధ్యలో టెన్షన్ ఉండదు.

ముఖ్యమైన పని ఇంకొకటి. పాత బల్బులు ఉండగానే కారుని గోడ ముందు నిలిపి డిమ్ వేసి, వెలుతురు పైఅంచు ఎక్కడ ఉందో టేపు అంటించి ఫోటో తీయండి. కారు నిలిపిన చోట నేల మీద కూడా గుర్తు పెట్టండి. కొత్త బల్బు బాగుందో లేదో చెప్పడానికి మీకుండే సాక్ష్యం ఆ ఫోటోనే.

## 6. బిగించే వరుస

1. ఇంజిన్, లైట్లు ఆపి, కీ తీసి, బల్బులు పూర్తిగా చల్లారనివ్వండి. హాలోజెన్ బల్బు చేతులు కాలేంత వేడిగా ఉంటుంది.

2. ఒక్కవైపే మొదలుపెట్టండి. రెండోవైపు అలాగే ఉంటే ఏది ఎలా ఉండేదో చూసుకోవచ్చు.

3. మూత తీసి, కనెక్టర్‌ని లాక్ నొక్కి లాగండి. వైర్లు పట్టుకుని లాగొద్దు.

4. స్ప్రింగ్ క్లిప్ ఎటు నుంచి ఎటు తెరుచుకుంటుందో గమనించి విప్పండి. ఈ క్లిప్ వంగితే బల్బు వదులుగా కూర్చుంటుంది, తర్వాత ఎంత ఎయిమింగ్ (బీమ్ ఎత్తు, దిశ సరిచేయడం) చేసినా నిలవదు.

5. పాత బల్బుని గాజు ముట్టకుండా తీసి, డబ్బాలో పెట్టి కారులోనే ఉంచుకోండి. దారిలో ఎల్‌ఈడీ పోతే అదే ఆదుకుంటుంది.

6. కొత్త బల్బు కాలర్ విడిగా వస్తే ముందు కాలర్‌ని క్లిప్‌తో బిగించి, తర్వాత బల్బుని అందులో పెట్టండి. మూడు చెవులూ గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో వేలితో తడిమి చూడండి.

7. చిప్‌ల దిశ సరిచేయండి. హెచ్7, హెచ్11 రకాల్లో చిప్‌లు కుడివైపుకీ ఎడమవైపుకీ, గడియారంలో మూడు, తొమ్మిది అంకెలవైపు చూడాలి. పైకీ కిందికీ చూస్తే బీమ్ పాడైనట్టే. హెచ్4లో గిన్నె కిందివైపుకి రావాలి.

8. డ్రైవర్ డబ్బా విడిగా ఉంటే జిప్ టైతో కట్టేయండి. లోపల వేలాడితే గతుకుల్లో కొట్టుకుని వైరు తెగుతుంది.

9. కనెక్టర్ పెట్టి లైట్ వేసి చూడండి. వెలగకపోతే కనెక్టర్‌ని తిప్పి పెట్టండి. హాలోజెన్‌కి ప్లస్, మైనస్ తేడా లేదు, ఎల్‌ఈడీకి ఉంది.

10. మూత తప్పకుండా బిగించండి. హీట్ సింక్ పట్టట్లేదని మూత లేకుండా వదిలేస్తే తేమ, దుమ్ము లోపలికి వెళ్లి రిఫ్లెక్టర్ మెరుపు పూత పాడవుతుంది. మూతకి రంధ్రం కోయడం కూడా అంతే చేటు. లోతు ఎక్కువున్న మూతలు దొరుకుతాయి, అవి వాడండి.

రెండోవైపుకి వెళ్లే ముందు గోడ మీద చూడండి. ఒకవైపు హాలోజెన్, ఒకవైపు ఎల్‌ఈడీ పక్కపక్కనే కనిపించే అవకాశం మళ్లీ రాదు.

## 7. గోడ మీద ఏం చూడాలి?

డిమ్‌లో పైఅంచు స్పష్టంగా ఉండాలి, ఆ అంచుకి పైన దాదాపు చీకటే ఉండాలి. ఎడమవైపు నడిపే దేశాల్లో అంచు ఎడమవైపు పైకి లేస్తుంది, కుడివైపు నడిపే చోట కుడివైపు. రోడ్డు పక్కన నడిచేవాళ్లు, బోర్డులు కనిపించడానికే ఆ ఎత్తు.

తప్పులు ఇలా కనిపిస్తాయి:

- అంచుకి పైన మరకల్లా వెలుతురు చిమ్మడం: చిప్ దిశ తప్పు, లేదా బల్బు సరిగ్గా కూర్చోలేదు.
- మధ్యలో చీకటి మచ్చ: రేకు లావు, లేదా చిప్ వెనక్కో ముందుకో జరిగింది.
- అంచుకి కాస్త కింద, మధ్యలో ఉండాల్సిన చిక్కటి వెలుతురు లేకపోవడం: హైవే మీద దూరం కనబడదు.

కాలర్ మర తిప్పి బల్బుని కొద్దికొద్దిగా జరిపి చూడండి. చిన్న కదలికకే బీమ్ ఆకారం మారడం కళ్లారా చూస్తారు. ఎంత తిప్పినా అంచుకి పైన చిమ్ముతూనే ఉంటే ఆ బల్బు మీ హెడ్‌లైట్‌కి నప్పదు. తీసేసి తిరిగిచ్చేయండి. హెడ్‌లైట్‌ని కిందికి దించి సర్దుకుందామనుకోవద్దు, చిమ్మే వెలుతురు చిమ్ముతూనే ఉంటుంది, మీ దూరం మాత్రం పోతుంది.

తర్వాత వేడి పరీక్ష. ఫోన్‌లో లక్స్ మీటర్ (వెలుతురు కొలిచే) యాప్ వేసి, రెండు మూడు మీటర్ల దూరంలో కదలకుండా పెట్టి, లైట్ వేసిన వెంటనే ఒక రీడింగ్, బానెట్ మూసి 20 నిమిషాల తర్వాత ఇంకో రీడింగ్ తీసుకోండి. పదో వంతు తగ్గితే సహజం. మూడో వంతు తగ్గిందంటే హీట్ సింక్ చాలట్లేదు. షాపులో లైట్ వేయగానే చూసి మురిసిపోయేది ఈ మొదటి నిమిషాన్నే.

## 8. ఎయిమింగ్

ఫ్యాక్టరీ ఎల్‌ఈడీ అయినా, హాలోజెన్ అయినా, బల్బు మార్చినా మార్చకపోయినా ఈ పని అందరికీ ఉంది. ఈ గైడ్‌లో ఒక్క విభాగమే చేయగలిగితే ఇది చేయండి.

### 8.1 లెక్క ఏమిటి?

హెడ్‌లైట్ మీద గానీ బానెట్ లోపలి స్టిక్కర్ మీద గానీ 1.0 శాతం, 1.2 శాతం లాంటి అంకె, పక్కన బీమ్ బొమ్మ ఉంటుంది. 1 శాతం అంటే ప్రతి 10 మీటర్లకి బీమ్ అంచు 10 సెంటీమీటర్లు దిగాలని అర్థం.

హెడ్‌లైట్ నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 1 శాతం దిగితే అంచు 65 మీటర్ల దూరంలో రోడ్డుని తాకుతుంది. పొరపాటున 2 శాతానికి దించితే 32 మీటర్లకే ఆగిపోతుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో అది ఒకటిన్నర సెకను దూరం. గోడ మీద పది సెంటీమీటర్ల తేడాకి రోడ్డు మీద సగం దూరం పోయింది. అంచు దిగకుండా పైకి లేస్తే ఎదుటి కారు డ్రైవర్‌కి మీ లైట్ కళ్లలోకి వస్తుంది. అందుకే కంటి అంచనాతో చేయకూడదు.

ఉత్తర అమెరికా ప్రమాణాలతో తయారైన లైట్ల మీద వీఓఎల్, వీఓఆర్ అన్న గుర్తులుంటాయి, వాటి కొలత వేరు. వీఓఆర్ రకంలో అంచు కుడివైపు భాగం దీపం మధ్య ఎత్తులోనే ఉండాలి. అలాంటి లైట్లకి మాన్యువల్ చెప్పిందే పాటించండి.

### 8.2 కారు సిద్ధం చేయడం

- టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి
- డిక్కీలో అదనపు బరువు తీసేయాలి
- డ్రైవర్ సీట్లో ఒక మనిషి కూర్చోవాలి
- హెడ్‌లైట్ ఎత్తు నాబ్ సున్నా దగ్గర ఉండాలి
- కారుని ఒకటి రెండుసార్లు కిందికి నొక్కి వదలాలి, సస్పెన్షన్ సర్దుకుంటుంది

### 8.3 కొలిచి సరిచేయడం

1. కారుని గోడకి ఆనించేంత దగ్గరగా, గోడకి లంబంగా నిలపండి. లెన్స్ మీద చిన్న చుక్క ఉంటే అదే దీపం మధ్యభాగం. రెండు దీపాల మధ్యభాగాల్నీ గోడ మీద టేపుతో గుర్తించి, వాటిని కలుపుతూ అడ్డంగా ఒక టేపు అంటించండి.

2. స్టీరింగ్ తిప్పకుండా నేరుగా 10 మీటర్లు వెనక్కి వెళ్లండి. అంత చోటు లేకపోతే 5 మీటర్లు, అప్పుడు దిగువ కొలత కూడా సగం.

3. మొదటి టేపుకి కింద, మీ అంకెని బట్టి 10 లేదా 12 సెంటీమీటర్ల దగ్గర రెండో టేపు అంటించండి.

4. డిమ్ వేసి ఒక దీపాన్ని గుడ్డతో కప్పండి. హాలోజెన్ అయితే ఎక్కువసేపు కప్పొద్దు, అట్టముక్క అడ్డం పెట్టండి.

5. హెడ్‌లైట్ వెనక ఉన్న నిలువు అడ్జస్ట్ స్క్రూ తిప్పి, అంచులోని అడ్డ భాగం సరిగ్గా రెండో టేపు మీదికి తెండి. స్క్రూ ఒక్కోసారి పావు చుట్టు మించి తిప్పొద్దు, ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి.

6. అంచు పైకి లేచే మలుపు దీపం మధ్య గుర్తుకి సరిగ్గా కిందికి రావాలి. పక్కకి జరిపే స్క్రూ వేరే ఉంటుంది, కొన్ని కార్లలో ఉండదు.

7. రెండో దీపానికి ఇదే మళ్లీ చేయండి.

నేల విషయంలో చాలామంది అనవసరంగా భయపడతారు. నేల కాస్త వాలుగా ఉన్నా ఫరవాలేదు, కారు నిలిచిన చోట నుంచి గోడ దాకా ఆ వాలు ఒకే తీరుగా ఉండాలి. కారు కింద ఒక వాలు, గోడ దగ్గర ఇంకో వాలు ఉన్నప్పుడే కొలత తప్పుతుంది.

## 9. వచ్చే సమస్యలు, వాటి పరిష్కారాలు

డ్యాష్‌బోర్డులో బల్బు వార్నింగ్. ఎల్‌ఈడీ తక్కువ కరెంటు తీసుకోవడంతో కారు బల్బు పోయిందనుకుంటుంది. క్యాన్ బస్ డీకోడర్ పెట్టాలి. లోడ్ రెసిస్టర్ (అదనంగా కరెంటు తీసుకునే భాగం) పెడితే జాగ్రత్త: 6 ఓమ్‌ల రెసిస్టర్ 14 వోల్టుల దగ్గర 33 వాట్ల దాకా వేడిగా మారుస్తుంది. దాన్ని లోహం మీదే బిగించాలి, ప్లాస్టిక్‌కీ వైర్లకీ ఆననివ్వకూడదు. వైరింగ్ కాలిన కార్లలో ఈ నిర్లక్ష్యం కనిపిస్తుంది.

లైట్ మినుకుమినుకుమంటోంది. కొన్ని కార్లు హెడ్‌లైట్‌కి కరెంటుని నిలకడగా కాక, వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ పంపుతాయి. హాలోజెన్ తీగ వేడి మీద అది తెలియదు, ఎల్‌ఈడీలో తెలుస్తుంది. యాంటీ ఫ్లికర్ మాడ్యూల్ పెడితే ఆగుతుంది. ఫోన్ కెమెరాలో మాత్రమే గీతలు కనిపించి కంటికి మామూలుగా ఉంటే అది సమస్య కాదు.

ఎఫ్ఎమ్ రేడియోలో గరగర. డ్రైవర్ నాసిరకం. వైరుకి ఫెరైట్ రింగు వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోవాలంటే బల్బు మార్చాలి.

లెన్స్ లోపల ఆవిరి. వానాకాలంలోనో, కడిగిన తర్వాతో పలచటి మంచు పొర పట్టి, లైట్ వేశాక మెల్లగా పోతే భయం లేదు. ఎల్‌ఈడీ లెన్స్‌ని వేడి చేయదు కాబట్టి హాలోజెన్ కంటే ఎక్కువసేపు పడుతుంది. ఇదే కారణంతో మంచు కురిసే చోట లెన్స్ మీద మంచు కరగకుండా పేరుకుపోతుంది, ఆగి తుడుచుకోవాలి. నీటి చుక్కలు కారుతున్నా, అడుగున నీళ్లు నిలిచినా మూత, సీల్, గాలి రంధ్రం చూడండి.

ఒకవైపు మసకగా ఉంది. రెండు బల్బుల్నీ అటూ ఇటూ మార్చి చూడండి. మసక బల్బుతో పాటు జరిగితే బల్బు తప్పు, అదే వైపు ఉండిపోతే వైరింగో లెన్సో.

## 10. ఫ్యాక్టరీ ఎల్‌ఈడీ ఉన్న కారైతే

ఇందులో బల్బు మార్చే పని చాలావరకు ఉండదు, చిప్‌లు యూనిట్‌లో భాగం. ఒకవైపు వెలగకపోతే యూనిట్ మొత్తం పోయిందని వెంటనే ఒప్పుకోకండి. ముందు ఫ్యూజ్, తర్వాత కనెక్టర్‌లో తుప్పు, ఆ తర్వాత డ్రైవర్ మాడ్యూల్ చూడమని అడగండి. చాలా మోడళ్లలో ఈ మాడ్యూల్ హెడ్‌లైట్ బయట మరలతో బిగించి ఉంటుంది, విడిగా మారుతుంది. యూనిట్‌తో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

బీమ్ ఉన్నట్టుండి కిందికి పడిపోయి, వార్నింగ్ వస్తే వెనక సస్పెన్షన్ దగ్గరికి వెళ్లండి. కారు వెనక ఎంత దిగిందో కొలిచే సెన్సర్ అక్కడ ఉంటుంది. దాని చిన్న లింకు రాయి తగిలి విరిగినా, బురద పట్టి బిగుసుకున్నా ఆటో లెవెలింగ్ జాగ్రత్త కోసం లైట్‌ని కిందికి దించేస్తుంది. లింకు మార్చి స్కానర్‌తో రీసెట్ చేస్తే చాలు.

ఎదురు బండి మీద పడే భాగాన్ని మాత్రమే ఆర్పి, మిగతా హై బీమ్‌ని ఉంచే మ్యాట్రిక్స్ లైట్లు ముందు అద్దం వెనకున్న కెమెరా మీద ఆధారపడతాయి. అందుకే ఈ పనుల తర్వాత క్యాలిబ్రేషన్ అడగాలి:

- ముందు అద్దం మార్చినప్పుడు
- ముందు భాగానికి దెబ్బ తగిలి బంపర్, హెడ్‌లైట్ విప్పినప్పుడు
- సస్పెన్షన్ ఎత్తు మారినప్పుడు
- హెడ్‌లైట్ యూనిట్ కొత్తది వేసినప్పుడు (కొన్నింటికి కోడింగ్ కూడా కావాలి)

కెమెరా ముందు అద్దం మురికిగా ఉన్నా, అక్కడ స్టిక్కర్ అంటించినా ఆటో హై బీమ్ తప్పులు చేస్తుంది. మలుపుల్లో, గుట్ట దాటేటప్పుడు అది ఆలస్యంగా డిమ్ అవుతుందనిపిస్తే చేత్తో డిమ్ చేయండి. ఎదుటి మనిషి కళ్లు చెదిరిన తర్వాత మన కారు ఎంత తెలివైనదైనా ప్రయోజనం లేదు.

లెన్స్‌ని పొడి గుడ్డతో రుద్దొద్దు, పెట్రోలు, థిన్నర్ తగలనివ్వొద్దు. పాలికార్బొనేట్‌కి సన్నటి పగుళ్లు వస్తాయి. నీళ్లు, షాంపూ, మెత్తటి గుడ్డ చాలు.

## 11. రాత్రి రోడ్డు మీద, ఆ తర్వాత

గోడ మీద అంతా కుదిరాక లైట్లు లేని సమతలమైన రోడ్డు మీద నడిపి చూడండి. డిమ్‌లో అంచు ముందు బండి వెనక అద్దం కంటే కిందే, బంపర్, నంబర్ ప్లేటు ప్రాంతంలోనే ఉండాలి. తెలిసినవాళ్లని ఎదురు కారులో కూర్చోబెట్టి, మీరు దగ్గరికి వస్తున్నప్పుడు వాళ్లకి ఎలా ఉందో అడగండి. ఇంకా మంచిది, మీ కారు వాళ్లకిచ్చి మీరే ఎదురుగా కూర్చోండి.

వెనక సీట్లు నిండి, డిక్కీలో సామాన్లున్నప్పుడు కారు ముందుభాగం లేస్తుంది. ఆటో లెవెలింగ్ లేకపోతే ఆ రోజు నాబ్‌ని ఒకటో రెండో అంకెలు దించి, సామాన్లు దించాక మళ్లీ సున్నాకి తెండి.

నెల తిరిగాక ఒకసారి, తర్వాత సర్వీసింగ్ చేయించినప్పుడల్లా:

- బల్బు వదులయిందా, కాలర్ మర బిగువుగా ఉందా
- ఫ్యాన్ తిరుగుతోందా, గరగర ఉందా (ఇంజిన్ ఆపి లైట్ వేస్తే వినిపిస్తుంది)
- కనెక్టర్ ప్లాస్టిక్ రంగు మారిందా, కరిగిందా
- మూత లోపల తడి ఉందా
- గోడ మీద అంచు పాత టేపు గుర్తు దగ్గరే ఉందా